అలకపాన్పు ఎక్కిన ఆటగాళ్లు: మీకు తెలుసా?

ఏటా జులై ఆఖరుకి అమెరికాలో ఫుట్‌బాల్ క్యాంపులు మొదలవుతాయి. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలబంతిని చంకలో ఇరికించుకుని ఒకరినొకరు గుద్దుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట. క్యాంపు తెరిచిన రోజున ఎవరో ఒక స్టార్ కనిపించడు. గాయం కాదు, జ్వరం కాదు. చాలాసార్లు కాంట్రాక్టూ ఉంటుంది, దాని మీద అతని సంతకమూ ఉంటుంది, మనిషి మాత్రం రాడు. ‘పెంచితేనే దిగుతా’ అంటాడు. దీన్ని అక్కడ హోల్డౌట్ అంటారు. పెళ్లిలో మన అల్లుడుగారు అలకపాన్పు ఎక్కడం లాంటిదే, కాకపోతే ఇక్కడ అడిగేది ఉంగరమో బండో కాదు, కోట్ల డాలర్లు. అలిగి రాజాలా తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు, ఉన్నదీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ముచ్చట్లు కొన్ని.

● సీజన్‌లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడి, చివరికి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన తొలి జట్టు 1993 నాటి డాలస్ కౌబాయ్స్. ఆ రెండు ఓటములకీ కారణం ఎవరని అడిగితే డాలస్ పాతకాపులు ఒకే పేరు చెబుతారు: ఎమిట్ స్మిత్. మైదానంలో ఉన్నందుకు కాదు, లేనందుకు.

ఎమిట్ రన్నింగ్ బ్యాక్. బంతి పట్టుకుని ఎదుటివాళ్ల గుంపులోంచి సందు చేసుకుని పరుగెత్తడం అతని పని. 1991లోనూ 1992లోనూ లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ గజాలు పరుగెత్తింది అతనే. 1993 జనవరి 31న కౌబాయ్స్ బఫలో బిల్స్‌ని 52-17తో చిత్తు చేసి సూపర్ బౌల్ గెలిచారు. అప్పటికి ఎమిట్ మూడేళ్ల కాంట్రాక్టు అయిపోయింది. కొత్తదానికి ఇతను అడిగిన మొత్తానికీ, యజమాని జెర్రీ జోన్స్ ఇస్తానన్న మొత్తానికీ పొంతన కుదరలేదు. జులై పోయింది, ఆగస్టు పోయింది. ఎమిట్ రాలేదు. జోన్స్ దిగిరాలేదు.

సెప్టెంబర్ 6న వాషింగ్టన్ చేతిలో 35-16తో ఓడారు. 12న సొంతగడ్డ మీద, ఏ బిల్స్‌ని ఏడు నెలల కిందట ఉతికి ఆరేశారో ఆ బిల్స్ చేతిలోనే 13-10తో ఓడారు. మ్యాచ్ అయ్యాక లాకర్ రూమ్‌లో చార్లెస్ హేలీ అనే భారీ మనిషి హెల్మెట్ తీసి గోడకేసి కొట్టాడు. గోడకి చిల్లు పడింది. ఈ కొత్త కుర్రాడితో మనం గెలిచేది లేదని అందరూ వినేలా అరిచాడు. అందరిలో జెర్రీ జోన్స్ కూడా ఉన్నాడు. సరిగ్గా నాలుగు రోజులకి సంతకాలు అయిపోయాయి: నాలుగేళ్లకి కోటి 36 లక్షల డాలర్లు. అప్పట్లో ఏ రన్నింగ్ బ్యాక్‌కీ అంత ముట్టలేదు. వేసవి అంతా లాయర్లూ ఏజెంట్లూ మాట్లాడి తేల్చలేనిదాన్ని ఒక హెల్మెట్ తేల్చేసింది.

ఎమిట్ వచ్చిన వారమే కౌబాయ్స్ ఫీనిక్స్‌లో 17-10తో గెలిచారు. రెండు మ్యాచ్‌లు పోగొట్టుకున్నా ఆ ఏడాది 1,486 గజాలతో మళ్లీ అతనే మొదటి స్థానంలో నిలిచాడు. ఇక 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్‌తో ఆడిన మ్యాచ్ గురించి ఒక పేరా ఖర్చుపెట్టకపోతే అన్యాయం.

గెలిచినవాళ్లకి డివిజన్ టైటిల్, దాంతోపాటు ప్లేఆఫ్స్‌కి ముందు ఒక వారం విశ్రాంతి. మొదటి సగం ముగిసేలోపే ఎమిట్ కుడి భుజం కీలు దెబ్బతింది. చెయ్యి పైకి లేవడం లేదు. బయటికి వెళ్లి కూర్చుంటే అడిగేవాడు లేడు, కాంట్రాక్టు చేతిలో ఉంది. అయినా మళ్లీ దిగాడు. బంతిని రెండో చేతికి మార్చుకుని, కిందపడిన ప్రతిసారీ నొప్పికి మెలికలు తిరుగుతూ, లేచి మళ్లీ బంతి అందుకుంటూ ఆడాడు. మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది. చివరికి 16-13. ఎమిట్ పరుగెత్తి 168 గజాలు, బంతి అందుకుని 61 గజాలు, మొత్తం 229 సాధించాడు. నాలుగు వారాలకి అట్లాంటాలో సూపర్ బౌల్, ఎదురుగా మళ్లీ బిల్స్. 30-13తో కప్పు డాలస్‌దే. ఎమిట్‌వి 132 గజాలు, రెండు టచ్‌డౌన్లు (బంతితో గోల్‌లైన్ దాటడం). ఒకే సీజన్‌లో పరుగుల కిరీటం, లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), సూపర్ బౌల్ ట్రోఫీ, సూపర్ బౌల్ ఎంవీపీ నాలుగూ అందుకున్న రన్నింగ్ బ్యాక్ అతనొక్కడే. తిరిగొచ్చి ఇచ్చిన డబ్బుకి ఇంతగా న్యాయం చేసినవాడు ఈ జాబితాలో ఇంకొకడు లేడని నా లెక్క.

● హేలీ తిట్టిన ఆ ‘కొత్త కుర్రాడు’ డెరిక్ లాసిక్ ఏమీ అనామకుడు కాదు. అదే ఏడాది జనవరి 1న షుగర్ బౌల్‌లో అలబామాకి కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ తెచ్చిపెట్టిన ఆటలో అత్యుత్తమ ఆటగాడు అతనే. కాకపోతే ఎమిట్ స్మిత్ చెప్పుల్లో కాళ్లు పెట్టాల్సి వచ్చింది, అదీ 23 ఏళ్ల వయసులో, అదీ నడి సంక్షోభంలో. అలిగినవాడి గురించి పుస్తకాలు వస్తాయి. అతని బదులు దిగినవాడి పేరు క్విజ్‌లో ప్రశ్నగా మిగులుతుంది.

● ‘విసుగొచ్చింది, జేబు ఖాళీ అయింది, వచ్చేశా.’ ఏడాదంతా ఆట మానేసి 1981లో తిరిగొచ్చినప్పుడు వాషింగ్టన్ రన్నింగ్ బ్యాక్ జాన్ రిగిన్స్ చెప్పిన మాట ఇది. ఇంత నిజాయితీగా అలక దిగినవాడు ఇంకెవరూ దొరకరు.

1980లో జీతం దగ్గర పేచీ వచ్చి రిగిన్స్ సొంత రాష్ట్రం కాన్సస్‌కి వెళ్లి కూర్చున్నాడు. మరుసటి ఏడు కొత్త కోచ్‌గా వచ్చిన జో గిబ్స్ పనిగట్టుకుని అక్కడికే వెళ్లాడు. గిబ్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పిన కథ ప్రకారం, పొద్దున్న పదింటికి వేట దుస్తుల్లో, చేతిలో బీరు డబ్బాతో రిగిన్స్ ఎదురొచ్చాడు. నన్ను వెనక్కి తెచ్చుకో, నీ జట్టుని నిలబెడతా అన్నాడు. వీడికి తలపొగరు ఎక్కువ, వెనక్కి తెచ్చుకుని ఇంకో జట్టుకి అంటగడదాం అని గిబ్స్ మనసులో అనుకున్నాడట. తీరా చూస్తే, నా అనుమతి లేకుండా నన్ను ఎవరికీ ఇవ్వకూడదన్న షరతు కాంట్రాక్టులో రాయించుకునే వచ్చాడు రిగిన్స్.

అంటగట్టకపోవడమే మంచిదైంది. 1983 జనవరి 30న మయామీతో సూపర్ బౌల్. వాషింగ్టన్ వెనకబడి ఉంది. నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరిది, ఒక్క గజం కావాలి. ఒక్క గజం కోసం బంతి రిగిన్స్ చేతికిచ్చారు. మీద పడిన డిఫెండర్‌ని విదిలించుకుని అతను 43 గజాలు వెళ్లిపోయాడు. టచ్‌డౌన్. ఆ రోజు మొత్తం 166 గజాలు, అప్పటికి అది సూపర్ బౌల్ రికార్డు. వయసు 33. రన్నింగ్ బ్యాక్‌కి అది దాదాపు తాతగారి వయసు.

● ఇంతకీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాడు మాట మీద నిలబడొద్దా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ సంతకం చాలావరకు ఒకవైపే కట్టిపడేస్తుంది. ఆరేళ్ల కాంట్రాక్టు అంటే ఆటగాడు ఆరేళ్లు కట్టుబడి ఉండాలి. జట్టు మాత్రం అతను అక్కర్లేదనుకున్న రోజున పంపించేయొచ్చు. గ్యారంటీ అని రాసిన మొత్తం ఇస్తే చాలు, మిగతా అంకెలన్నీ కాగితం మీదే చెరిగిపోతాయి. వాళ్లు మాట తప్పితే ‘వ్యాపారం’, వీళ్లు తప్పితే ‘దురాశ’. నాకైతే ఇందులో ఆటగాడి పక్షాన నిలబడటానికి పెద్దగా ఇబ్బంది లేదు.

● ఎజికీల్ ఎలియట్‌ని చూడండి. అదే డాలస్, అదే జెర్రీ జోన్స్. 2016లోనూ 2018లోనూ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పరుగెత్తిన ఎలియట్, కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉండగానే 2019 వేసవిలో మెక్సికో సముద్రతీరం కాబో సాన్ లూకాస్‌కి వెళ్లి సాధన మొదలెట్టాడు. సన్నాహక మ్యాచ్‌లో టోనీ పొలార్డ్ అనే కుర్రాడు చక్కగా ఆడేసరికి జోన్స్ నవ్వుతూ ‘జీక్? ఆయనెవరు?’ అన్నాడు. జీక్ అంటే ఎలియట్ ముద్దుపేరు. అది జోకే అని జోన్స్ అన్నా, అవతలివాళ్లకి మండింది.

‘ఆయనెవరు’ అన్న ఆ ఎలియట్‌కే సెప్టెంబర్ 4న, మొదటి మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు, అదనంగా ఆరేళ్లకి 9 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అందులో గ్యారంటీ 5 కోట్లు. 2023 మార్చిలో, ఆ కాంట్రాక్టులో ఏళ్లకి ఏళ్లు మిగిలి ఉండగానే, డాలస్ అతన్ని వదిలేసింది. వార్తల్లో 9 కోట్లు అని చదివినవాళ్లకి ఆ రెండో వార్త గుర్తుండదు.

● క్యాంపు ఎగ్గొడితే రోజుకి జరిమానా ఎంతో తెలుసా? 2020లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం అనుభవజ్ఞుడైన ఆటగాడికి రోజుకి 50,000 డాలర్లు. పూర్వం రాజీ కుదిరాక ‘పోనీలే’ అని యజమానులు మాఫీ చేసేవాళ్లు. కొత్త నిబంధన ఆ దారి మూసేసింది. యజమాని వదిలేద్దామనుకున్నా కుదరదు, ముక్కుపిండి వసూలు చేయాల్సిందే.

● ఆ దెబ్బ పూర్తిగా తిన్నవాడు కాన్సస్ సిటీ చీఫ్స్ దిగ్గజం క్రిస్ జోన్స్. 2023 వేసవి అంతా రాలేదు. జరిమానాలు 20 లక్షల డాలర్లు దాటిపోయాయి. సెప్టెంబర్ 7న సీజన్ తొలి మ్యాచ్, అంతకుముందు సీజన్‌లో గెలిచిన సూపర్ బౌల్ జెండా ఎగరేసే రోజు. జోన్స్ అదే స్టేడియానికి వచ్చాడు, కానీ పైన ఖరీదైన బాక్స్‌లో ప్రేక్షకుడిలా కూర్చున్నాడు. కింద అతని జట్టు డెట్రాయిట్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 21-20తో ఓడిపోయింది. ఆ ఒక్క మ్యాచ్‌కి దూరంగా ఉన్నందుకు అతనికి పోయింది దాదాపు 11 లక్షల డాలర్లు.

నాలుగు రోజుల్లో రాజీ కుదిరింది. అదీ దీర్ఘకాలానికి కాదు, ఆ ఒక్క ఏడాదికి కొన్ని ప్రోత్సాహకాలు కలిపి సర్దిన కాంట్రాక్టు. జోన్స్ మరుసటి వారమే జాక్సన్‌విల్ మీద దిగి గెలిపించాడు. సీజన్ చివర చీఫ్స్ మళ్లీ సూపర్ బౌల్ గెలిచారు. 2024 మార్చిలో అతను అడిగింది ఇంకాస్త కలిపి ముట్టింది: అయిదేళ్లకి 15 కోట్ల 87 లక్షల 50 వేల డాలర్లు. అంటే పోయిన 30 లక్షల పైచిలుకు పెట్టుబడి అనుకోవాలి. అందరికీ అలా కలిసిరాదు.

● రోజుకి 50,000 కట్టలేక కొత్తతరం ఒక ఉపాయం కనిపెట్టింది. క్యాంపుకి వస్తారు, హాజరు వేయించుకుంటారు, మీటింగుల్లో కూర్చుంటారు, పక్కన వ్యాయామాలు చేస్తారు. సాధనలోకి మాత్రం దిగరు. హాజరయ్యాడు కాబట్టి జరిమానా లేదు. దిగలేదు కాబట్టి అలక దిగినట్టూ కాదు. దీనికి ‘హోల్డ్ ఇన్’ అని పేరు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు టీజే వాట్ 2021లో ఇలాగే చేసి, సీజన్ మొదలయ్యే ముందు నాలుగేళ్లకి 11 కోట్ల 20 లక్షల డాలర్లు సాధించాడు. క్యాంపులో సరిగ్గా చెమట పట్టనివాడు ఆ ఏడాది ఏం చేశాడు? ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లని, అంటే బంతి విసిరేవాళ్లని, 22.5 సార్లు (ఇద్దరు కలిసి పడగొడితే చెరో సగం) పడగొట్టి, 2001 నుంచి ఉన్న మైకేల్ స్ట్రేహన్ రికార్డుని అందుకున్నాడు.

● లాస్ ఏంజెలిస్ రామ్స్ డిఫెండర్ ఆరన్ డొనాల్డ్ 2017లో క్యాంపు ఎగ్గొట్టాడు, ఆ ఏటి ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. 2018లో మళ్లీ ఎగ్గొట్టాడు, మళ్లీ ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. మధ్యలో ఆరేళ్లకి 13 కోట్ల 50 లక్షల డాలర్ల కాంట్రాక్టు. డిఫెన్స్ ఆటగాళ్లలో అంత ఖరీదైనవాడు అప్పటికి ఇంకొకడు లేడు. ఆ రికార్డు బతికింది ఒక్కటే రోజు. మర్నాడే, ఓక్లాండ్‌లో ఇలాగే అలిగి కూర్చున్న ఖలీల్ మాక్‌ని షికాగో బేర్స్ తీసుకుని 14 కోట్ల 10 లక్షలు ఇచ్చారు.

● ఏమీ దక్కకుండా తిరిగొచ్చి కూడా హీరో అయిన మనిషి ఉన్నాడు. సియాటిల్ సీహాక్స్ డిఫెండర్ కామ్ చాన్సలర్. 2015లో అతని కాంట్రాక్టు ఇంకా మూడేళ్లు ఉంది. పెంచమన్నాడు. ఒకరికి పెంచితే రేపు అందరూ క్యూ కడతారని జట్టు బిగుసుకు కూర్చుంది. చాన్సలర్ రాలేదు. సియాటిల్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. డాలస్‌లో అయితే ఈపాటికి గోడకి చిల్లు పడి, చెక్కు చేతికొచ్చేది. ఇక్కడ జట్టు కదల్లేదు. చివరికి చాన్సలరే మెట్టు దిగి, పాత కాంట్రాక్టు మీదే వచ్చేశాడు. అతను దిగిన మొదటి మ్యాచ్‌లో ప్రత్యర్థి షికాగోకి ఒక్క పాయింటూ రాలేదు, 26-0.

అసలు సంగతి ఆ మరుసటి వారం. అక్టోబర్ 5, సోమవారం రాత్రి, డెట్రాయిట్‌తో మ్యాచ్. సియాటిల్ 13-10తో ముందుంది, రెండు నిమిషాల లోపే సమయం. డెట్రాయిట్ మేటి ఆటగాడు కాల్విన్ జాన్సన్ బంతి పట్టుకుని గోల్‌లైన్ వైపు దూకాడు. ఇంకొక్క గజం లోపలికి పోతే మ్యాచ్ అయిపోయినట్టే. వెనకనుంచి చాన్సలర్ పిడికిలితో బంతిని ఒక్క గుద్దు గుద్దాడు. బంతి చేజారి ఎండ్ జోన్‌లోకి దొర్లింది. సహచరుడు దాన్ని చేత్తో బయటికి నెట్టేశాడు. అలా కావాలని నెట్టడం తప్పు, పెనాల్టీ పడాలి. రిఫరీలు చూసీ వదిలేశారని మర్నాడు లీగే ఒప్పుకుంది. ఏమైనా సియాటిల్ గెలిచింది. రెండేళ్ల తర్వాత, 2017లో, చాన్సలర్‌కి కొత్త కాంట్రాక్టు ఇచ్చారు: మూడేళ్లకి 3 కోట్ల 60 లక్షలు.

● అసలు తిరిగి రానివాడి కథ వింటే పై వాళ్ల అదృష్టం అర్థమవుతుంది. పిట్స్‌బర్గ్ రన్నింగ్ బ్యాక్ లెవియాన్ బెల్‌కి 2018లో జట్టు ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’ వేసింది. అంటే దీర్ఘకాల కాంట్రాక్టు ఇవ్వకుండానే, మంచి జీతానికి ఒక్క ఏడాది కట్టేసుకునే హక్కు. జీతం కోటి 45 లక్షల డాలర్లు, వారానికి 8 లక్షల 55 వేలు. ట్యాగ్ మీద సంతకం పెట్టనివాడికి కాంట్రాక్టు లేనట్టే లెక్క, కాబట్టి జరిమానాలు ఉండవు. జీతమూ ఉండదు.

బెల్ ఈ వారం వస్తాడు, వచ్చే వారం వస్తాడు అని అందరూ ఎదురుచూశారు. నవంబర్ 13 సాయంత్రం నాలుగింటికి గడువు ముగిసింది. రాలేదు. మర్నాడు సహచరులు అతని లాకర్ తెరిచి బూట్లూ సామానూ పంచుకున్నారు, టీవీ కెమెరాల ముందే. మనిషి ఇక రాడని అంతకంటే తేటగా చెప్పడం కష్టం. బెల్ బదులు ఆడిన జేమ్స్ కానర్ కాలేజీ రోజుల్లో క్యాన్సర్‌తో పోరాడి బయటపడ్డ కుర్రాడు. తొలి మ్యాచ్‌లోనే 135 గజాలు పరుగెత్తాడు. సీజన్ ముగిసేసరికి 13 టచ్‌డౌన్లు చేసి ఆల్‌స్టార్ జట్టు ప్రోబౌల్‌కి ఎంపికయ్యాడు. 2019లో బెల్‌కి న్యూయార్క్ జెట్స్ నాలుగేళ్లకి 5 కోట్ల 25 లక్షల కాంట్రాక్టు ఇచ్చింది, 2020 అక్టోబర్‌లో వదిలేసింది. పిట్స్‌బర్గ్‌లో ఆడిన బెల్ మళ్లీ ఎక్కడా కనిపించలేదు.

● బెల్ మరుసటి ఏడాది లాస్ ఏంజెలిస్ చార్జర్స్ రన్నింగ్ బ్యాక్ మెల్విన్ గోర్డన్ నాలుగు మ్యాచ్‌లు మానేసి, పాత జీతానికే తిరిగొచ్చాడు. ఈలోగా అతని పని చేసిపెట్టిన ఆస్టిన్ ఎకెలర్‌ని ఒకప్పుడు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునేచోట, ఎవరూ ఎంచుకోలేదు. 2020లో చార్జర్స్ దీర్ఘకాల కాంట్రాక్టు ఇచ్చింది ఎకెలర్‌కే. గోర్డన్ డెన్వర్‌కి వెళ్లాల్సి వచ్చింది. రన్నింగ్ బ్యాక్‌ల బాధ ఇదే. వాళ్ల మోకాళ్లు త్వరగా అరిగిపోతాయి, బదులు ఆడేవాడు తొందరగా దొరుకుతాడు. ఎమిట్‌కి జరిగినట్టు తనకీ జరుగుతుందని అనుకునే ప్రతి రన్నింగ్ బ్యాకూ లాసిక్ వైపు చూస్తాడు, కానర్ వైపు చూడడు.

● అలిగినవాడిని వదిలించుకోవడమే లాభమైన సందర్భం కూడా ఉంది. 1999లో సియాటిల్ రిసీవర్ జోయీ గాలొవే ఎనిమిది మ్యాచ్‌లు ఎగ్గొట్టి తిరిగొచ్చాడు. సీజన్ అవగానే సియాటిల్ అతన్ని డాలస్‌కి ఇచ్చి రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు పుచ్చుకుంది. కొనుక్కున్నది ఎవరో చెప్పక్కర్లేదు, జెర్రీ జోన్సే. గాలొవే డాలస్ తరఫున తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని ఆ సీజన్‌కి దూరమయ్యాడు. సియాటిల్ ఒక ఎంపికతో తెచ్చుకున్న షాన్ అలెగ్జాండర్ 2005లో 28 టచ్‌డౌన్లతో అప్పటి రికార్డు కొట్టి లీగ్ ఎంవీపీ అయ్యాడు.

● కొత్తగా డ్రాఫ్ట్ అయినవాళ్లు కూడా ఒకప్పుడు బాగా బెట్టు చేసేవాళ్లు. 2007లో మొట్టమొదటి ఎంపిక జమార్కస్ రసెల్, ఓక్లాండ్ రైడర్స్‌తో సెప్టెంబర్ 12 దాకా బేరమాడి ఆరేళ్లకి 6 కోట్ల 80 లక్షలకి సంతకం పెట్టాడు. మూడు సీజన్లలో గెలిపించింది ఏడు మ్యాచ్‌లు. 2010లో పంపించేశారు. యజమానులకి గుండె మండి 2011 ఒప్పందంలో కొత్తవాళ్ల జీతాలకి పట్టిక గీసేశారు. 2010లో మొదటి ఎంపికకి 7 కోట్ల 80 లక్షల కాంట్రాక్టు దక్కితే, 2011లో మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కి దక్కింది 2 కోట్ల 20 లక్షలు. బేరానికి ఏమీ మిగలకపోవడంతో కుర్రాళ్ల అలకలు దాదాపు మాయమయ్యాయి.

దాదాపు అన్నాను. 2016లో జోయీ బోసా నెలరోజులు మొండికేశాడు, అదీ మొత్తం గురించి కాదు, బోనస్ ఎప్పుడిస్తారన్న దాని గురించి. వచ్చాక ఆ ఏటి ఉత్తమ కొత్త డిఫెండర్ అయ్యాడు. ఏడేళ్లకి తమ్ముడు నిక్ బోసా శాన్ ఫ్రాన్సిస్కోలో అలిగి, అయిదేళ్లకి 17 కోట్లు పట్టాడు. అన్న చూపిన దారే!

● మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలోనూ ఇలాంటివాడు ఒకడున్నాడు. 1998లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుని ప్రీమియర్ లీగ్‌కి చేర్చిన డచ్ ఆటగాడు పియర్ వాన్ హూయిడాంక్, క్లబ్ తన జోడీ కెవిన్ కాంప్‌బెల్‌ని అమ్మేసి మాట తప్పిందని సమ్మె చేశాడు. నవంబర్‌లో తిరిగొచ్చాడు. డెర్బీ మీద గోల్ కొట్టాడు. సహచరులు బంతి అందించినవాడి చుట్టూ మూగి కౌగిలించుకున్నారు. కొట్టినవాడు ఒంటరిగా సంబరం చేసుకున్నాడు. ఆ సీజన్ చివర ఫారెస్ట్ కిందికి పడిపోయింది.

● ఇక డాలస్ అంటే మనవాళ్లకి బంధువుల ఊరే. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లే తెలుగువాళ్లకి, అదే ఊళ్లో ఉన్న కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ‘ద స్టార్’ కొత్త కాదు. 1993లో ఆ కేంద్రం ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఉండేది. ఇప్పుడు ఇర్వింగ్‌లోనూ తెలుగు ఇళ్లు బోలెడు. అక్కడి మనవాళ్లకి వేసవి అంటే కౌబాయ్స్‌లో ఎవరో ఒకరు అలిగే కాలం. 2019లో ఎలియట్, 2023లో జాక్ మార్టిన్, 2024లో సీడీ లాంబ్, 2025లో మైకా పార్సన్స్. నలుగురి విషయంలోనూ బేరం పెట్టింది ఒకే యజమాని.

ముగ్గురికి కోరింది దక్కింది. పార్సన్స్‌తోనే బెడిసింది. ఏజెంట్ లేకుండా తామిద్దరం మార్చిలోనే మాట్లాడేసుకున్నామని జోన్స్ అన్నాడు. అది బేరమే కాదని పార్సన్స్ అన్నాడు. ఆగస్టు 1న నన్ను ఇంకెక్కడికైనా పంపేయండని బహిరంగంగా రాశాడు. క్యాంపుకి వచ్చాడు, నడుంనొప్పి అని సాధనకి దిగలేదు. సన్నాహక మ్యాచ్ జరుగుతుంటే మైదానం పక్కన వైద్యుల బల్ల మీద వెల్లకిలా పడుకుని కెమెరాలకి చిక్కాడు. అలకపాన్పు అంటే అదీ! ఆగస్టు 28న డాలస్ అతన్ని గ్రీన్ బే పాకర్స్‌కి ఇచ్చేసి, రెండు మొదటి రౌండ్ ఎంపికలూ, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడినీ పుచ్చుకుంది. గ్రీన్ బే నాలుగేళ్లకి 18 కోట్ల 80 లక్షలు రాసిచ్చింది. క్వార్టర్‌బ్యాక్ కాని ఏ ఆటగాడికీ అప్పటిదాకా అంత ఇవ్వలేదు. సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 28న, పార్సన్స్ పాకర్స్ చొక్కాలో డాలస్ స్టేడియంలోనే ఆడాడు. అదనపు సమయం కూడా అయిపోయాక స్కోరు 40-40, డ్రా.

ఈసారి ఫలానావాడికి ఇన్ని కోట్ల డాలర్లని వార్త కనిపిస్తే, డాలస్‌లో ఉన్న మీ మేనల్లుడికి ఫోన్ చేసి మొత్తం ఎంతని అడక్కండి. అందులో గ్యారంటీ ఎంతో అడగండి.